పాలు మానేసిన కోడలు, పాలు పితికే అత్తగారు: ఒక కేస్ స్టడీ

2023 ఆగస్టులో ఒక సాయంత్రం భార్యాభర్తలిద్దరు శ్రీకాకుళంలోని నా క్లినిక్‌కి వచ్చారు. కూర్చుంటూనే భర్త అన్నాడు: "మేడమ్, ఈవిడకి మీరైనా కాస్త చెప్పండి. పాలు, పెరుగు, గుడ్డు, చేప అన్నీ మానేసింది. ఇంట్లో రోజూ గొడవే." ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. చేతిలో ఉన్న ఫైలు నా వైపు జరిపింది. అందులో ఒకే ఒక్క రిపోర్టు ఉంది. హిమోగ్లోబిన్ 10.6.

నేను డైటీషియన్‌ని. నా దగ్గరికి ఎక్కువగా షుగర్, బరువు, థైరాయిడ్ ఉన్నవాళ్లు వస్తారు. వీగన్‌గా మారి వచ్చిన మొదటి మనిషి ఈ అమ్మాయే. ఆమె ఒంట్లో పోషకాల సంగతి కొన్ని నెలల్లో దారికి వచ్చింది. ఇంటి సంగతికి ఏడాది పట్టింది. అందులో మొదటి నెల వృథా కావడానికి కారణం నేనే. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

మనిషి, ఇల్లు

వయసు 27. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 49 కిలోలు. పుట్టిల్లు ఉద్దానంలో కవిటి వైపు, అత్తవారి ఊరు నరసన్నపేట దగ్గర. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ పని. ఉదయం ఎనిమిదికి బస్సెక్కితే ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర. ఇంట్లో భర్త, అత్తమామలు, మామగారి తల్లి ఉంటారు. పెరట్లో రెండు గేదెలు. పెళ్లయి రెండేళ్లు, పిల్లలు ఇంకా లేరు.

ఆ మార్చిలో ఒక గేదె ఈనింది. దున్నదూడ. పెయ్య పుడితే జాగ్రత్తగా పెంచుతారు. పొలాల్లోకి ట్రాక్టర్లు వచ్చాక దున్నతో ఎవరికీ పని లేదు. గేదె పాలు చేపడానికి దూడని ఒక్క నిమిషం వదిలి లాగేసేవారు. నెల తిరక్కుండానే అది చనిపోయింది. తల్లి గేదె రెండు రాత్రులు అరుస్తూనే ఉంది. ఈ అమ్మాయి గదికి పెరటి వైపు కిటికీ. "ఆ రెండు రాత్రులూ నేను నిద్రపోలేదు మేడమ్. మూడో రోజు టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను, తాగలేకపోయాను" అని చెప్పింది. అప్పటి నుంచి పాలు లేవు. ఆ తర్వాత ఫోన్లో చదువుకుని గుడ్డు, చేప, తేనె మానేసింది. పట్టుచీర కట్టడం కూడా మానేసింది.

'వీగన్' అనే మాట 1944లో ఇంగ్లండ్‌లో డోనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు పెట్టుకున్నది. జంతువుల నుంచి వచ్చే దేన్నీ, అది తిండైనా బట్టైనా, కుదిరినంత వరకు వాడకుండా బతకడం దాని అర్థం. మన దగ్గర దీనికి పేరు లేదు. అందుకే ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు. మామగారి తల్లి "మాలేసినావేటే?" అని అడిగిందట. వీధిలో ఒకావిడ "ఏటైనా మొక్కు ఉన్నాదా?" అంది. భర్త ఇది డైటింగ్ అనుకున్నాడు. అయ్యప్ప మాల వేసుకున్నవాడు 41 రోజులు నీచు ముట్టకపోతే ఇల్లంతా వాడికి అనుగుణంగా నడుచుకుంటుంది, వంట గిన్నెలు కూడా వేరు చేస్తారు. కార్తీకంలో నెలంతా మానేసేవాళ్లని ఎవరూ ప్రశ్నించరు. మానేయడం మన ఇళ్లకి కొత్త కాదు. ఒక దేవుడూ ఒక గడువూ లేకుండా మానేస్తే మాత్రం ఇంట్లోవాళ్లకి ఏమీ అర్థం కాదు, భయం వేస్తుంది.

పరీక్షలు

తెలిసిన ఫిజీషియన్ దగ్గరికి పంపి పూర్తి పరీక్షలు చేయించాను. బి12 148 వచ్చింది, 200 కంటే తక్కువ ఉంటే లోపమే. ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, 9. విటమిన్ డి 14. ఆ రెండూ తక్కువే. థైరాయిడ్ బాగానే ఉంది. పుట్టిల్లు కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం కాబట్టి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్ర పరీక్ష తప్పకుండా చేయించమన్నాను. అవి మామూలుగా ఉన్నాయి. ఉద్దానం మనిషికి డైట్ చార్టు రాసేముందు నేను ఈ రెండూ చూడకుండా పెన్ను పట్టను. కిడ్నీ దెబ్బతిని ఉంటే పప్పులు, ఆకుకూరలు, కొబ్బరినీళ్లు అన్నిటి లెక్కా మారిపోతుంది.

వీగన్లకి సలహా చెప్పే తోటి డైటీషియన్లు ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఆమె ఎర్ర రక్తకణాల సైజు నార్మల్‌గా ఉంది. అది చూసి ధీమాగా ఉండకూడదు. ఐరన్ తక్కువైతే కణాలు చిన్నవవుతాయి, బి12 తక్కువైతే పెద్దవవుతాయి. రెండూ కలిసి ఉంటే సగటు మామూలుగానే కనిపిస్తుంది. రెండో విషయం ఇంకా ముఖ్యం. లివర్‌లో బి12 నిల్వలు ఏళ్ల తరబడి సరిపోతాయి. ఐదు నెలలు పాలు మానేసినంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్న మనిషికి 148కి పడిపోదు. అంటే పాలు తాగే రోజుల్లోనే ఆమెకి లోపం ఉంది. అడిగితే తెలిసింది: హాస్టల్లో చదువుకున్న రోజుల నుంచీ గుడ్డు అరుదు, చేప నెలకి రెండు మూడు సార్లు, పాలంటే టీలో పడే పాలే. ఇంట్లో అందరూ "పాలు మానేసింది, రక్తం పోయింది" అంటున్నారు. ఆ నింద సరికాదు. ఇకముందు మాత్రం బి12 టాబ్లెట్ లేకుండా వీగన్‌గా ఉండటం కుదరదు. ఆ విటమిన్‌ని తయారు చేసేది బ్యాక్టీరియా. మొక్కల ఆహారంలో నమ్ముకోదగ్గంత బి12 ఉండదు. ఈ మాట ఆమెకి గట్టిగా చెప్పాను. ఆకుకూరల వల్ల ఫోలేట్ బాగా అందుతుంటే రక్తం బాగున్నట్టే కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూ ఉంటాయి.

నా పొరపాటు

మొదటి రోజు నేను దీన్ని ఉత్త పోషకాల సమస్యగానే చూశాను. బాదం పాలు, టోఫు, సోయా పెరుగు అంటూ ఒక చార్టు ఇచ్చాను. వాటిలో సగం విశాఖపట్నం నుంచి తెప్పించుకోవాలి. నెలకి వాళ్ల కూరగాయల ఖర్చు కంటే ఎక్కువ. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి. భర్తకి నచ్చజెప్పే తొందరలో "పాలు మనిషికి అవసరమే లేదు, అది దూడ కోసం ఉన్నది" అన్నాను. అతను ఇంటికి వెళ్లి ఆ మాట అమ్మతో యథాతథంగా చెప్పాడు. అత్తగారు నాలుగు రోజులు కోడలితో మాట్లాడలేదు.

అదే వారం ఆ అమ్మాయి వాట్సాప్ స్టేటస్‌లో డెయిరీల్లో దూడల వీడియో పెట్టింది. అత్తగారి ఫోన్లో అది కనిపించింది.

సెప్టెంబర్లో రెండోసారి వచ్చేటప్పుడు అత్తగారిని వెంటబెట్టుకుని రమ్మన్నాను. వస్తుందనుకోలేదు, వచ్చింది. యాభై ఐదేళ్లు, నూలు చీర, అరచేతులు గట్టిపడి ఉన్నాయి. కోడలిని బయట కూర్చోమని ఆమెతో విడిగా మాట్లాడాను. ఈసారి నేను ఏమీ చెప్పలేదు, అడిగాను. మొదట పిల్లల గురించి మొదలుపెట్టింది, పాలు తాగకపోతే కడుపెలగ పండుతుందని. కాసేపటికి గొంతు మారింది.

"ఇరవై ఏళ్లు తెల్లారగట్ల నాలుగ్గంటలకి నేచి పితికినానమ్మా. పాల కేంద్రంలో వెన్న శాతం తక్కువొచ్చిందని రేటు తగ్గిస్తే ఏడ్చినాను. ఆ డబ్బులతోనే ఈడిని ఇంజనీరింగ్ చదివించినాను. ఇప్పుడు ఇదొచ్చి ముట్టుకోనంటాది. మరి నేను పెట్టినదంతా పాపపు కూడేనా?"

నాకు ఆ నిమిషంలో కేసు మొత్తం వేరేగా కనిపించింది. కోడలు పాల గ్లాసు పక్కన పెడుతోంది, అత్తగారికి తన ఇరవై ఏళ్ల కష్టాన్నే పక్కన పెట్టినట్టుంది. ఈవిడకి కాల్షియం లెక్కలు చెప్పి ప్రయోజనం ఏముంటుంది? దూడ గురించి అడిగాను. "నేను మాత్రం ఏడవలేదేటి? కానీ గేదెకి దాణా ఎవలు కొంటారు?" అంది.

కోడలిని లోపలికి పిలిచి, అత్తగారి ఎదుటే ఒక్కటే అడిగాను: "మీ అత్తగారి పాల డబ్బు గురించి నీకేమనిపిస్తుంది?" చాలాసేపు మాట రాలేదు. "అత్తయ్య లేకపోతే ఈయన చదువు లేదు, నా పెళ్లీ లేదు. నేను అత్తయ్యని ఎప్పుడూ తప్పు పట్టలేదు. నా వల్ల కావడం లేదు, అంతే" అంది. ఆ మాట వాళ్లిద్దరి మధ్య అంతకుముందు ఎప్పుడూ రాలేదట.

స్టేటస్ గురించి కూడా మాట్లాడాం. "నిజం చెప్పకూడదా మేడమ్?" అని అడిగింది. చెప్పొచ్చు. ఆమె నమ్మకాన్ని నేను గౌరవిస్తాను, ఆ వీడియోల్లో ఉన్నది అబద్ధమని అనను. కానీ ఆ వీడియో చూసేవాళ్లలో రెండు గేదెల మీద ఇల్లు నడిపిన మనిషి ఒకరుంటే, ఆ మనిషికి అది తన మీద పెట్టిన ఫిర్యాదులాగే కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లకి కనిపించకుండా పెట్టుకోమన్నాను. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ అలాగే చేసింది.

అత్తగారి పాదాలు

లేవబోతూ అత్తగారు చెప్పు కోసం కాలితో తడుముకుంది. "పాదాలు తిమ్మిరెక్కిపోతన్నాయమ్మా, చెప్పు జారిపోయినా తెల్డం నేదు" అంది. ఏం మాత్రలు వేసుకుంటున్నారని అడిగితే సంచిలోంచి చీటీ తీసింది. తొమ్మిదేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్. ఈ మందు ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి పేగు బి12ని సరిగ్గా పీల్చుకోదు. ఆవిడకీ పరీక్ష చేయించాం. 171.

పాల ఇల్లే అయినా ఆవిడ తాగే పాలు ఎంత? లెక్క వేశాం. పాలన్నీ కేంద్రానికి పోతాయి, మిగిలేది టీకీ పలుచటి మజ్జిగకీ. పోయించుకునేవాళ్లకి చిక్కటి పాలు, పితికిన మనిషికి నీళ్ల మజ్జిగ. తిమ్మిర్లకి షుగర్ కూడా కారణం కావచ్చని ఫిజీషియన్ చెప్పారు. అయినా బి12 సరిచేయాల్సిందే అని ఇద్దరికీ ముందు ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు రాశారు. అత్తాకోడళ్లు ఇద్దరూ ఒకే రోజు, ఒకే బల్ల మీద ఇంజెక్షన్ చేయించుకున్నారు. ఆ రోజు తర్వాత అత్తగారు "పాలు మానేసి రక్తం పోగొట్టుకుంది" అనడం మానేసింది.

వంటింట్లో మార్పులు

పాత చార్టు చించేశాను. వాళ్ల ఇంట్లో ఉన్నవాటితోనే కొత్తది రాసుకున్నాం. ఆమె బరువుకి రోజుకి యాభై గ్రాముల ప్రోటీన్ ఉంటే సరిపోతుంది. పొద్దున్న చోడి (రాగి) జావ, పాలూ మజ్జిగా లేకుండా ఉప్పు, నిమ్మరసంతో. టిఫిన్ పెసరట్టు, లేదంటే ఇడ్లీలోకి నువ్వుల పొడి. కేరేజీలో అన్నం, గట్టి పప్పు, ఒక ఆకుకూర. సాయంత్రం బస్టాండులో మిక్చర్ పొట్లం మాని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఉడికించిన శెనగలో, వేరుశెనగ ఉండలో. కాల్షియం కోసం చోళ్లు, నువ్వులు, మునగాకు, తోటకూర. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. ఇది విన్నాక మామగారి తల్లి మొదటిసారి నవ్విందట, "మా కాలంలో అంబలి తాగినోళ్లం, మాకేటి పాలుండేవి?" అని. మా తాతమ్మలు తిన్న తిండిలో సగం వీగన్ తిండే.

ఐరన్ కోసం పప్పు మీద నిమ్మకాయ తప్పనిసరి. డికాషన్ భోజనానికి గంట ముందో గంట తర్వాతో. ఇంకో చిన్న విషయం దాదాపు తప్పిపోయేది. ఇంట్లో కూరల్లోకి వాడేది నౌపడ వైపు నుంచి తెచ్చుకునే కల్లుప్పు, అయోడిన్ కలపనిది. పాలు, చేప తినేవాళ్లకి అయోడిన్ కొంత వాటి నుంచి వస్తుంది. రెండూ మానేసిన మనిషికి, అందులోనూ తల్లి కావాలనుకుంటున్న మనిషికి, అయోడైజ్డ్ ఉప్పు ఉండి తీరాలి. ఆవకాయకి కల్లుప్పు ఉంచుకుని రోజువారీ వంటకి ప్యాకెట్ ఉప్పు మార్చారు.

అన్నిటికంటే కష్టమైంది పెరుగు. పెరుగన్నం లేకపోతే ఆమెకి భోజనం పూర్తయినట్టు ఉండేది కాదు. వేరుశెనగ గుళ్లు నానబెట్టి, రుబ్బి, వడగట్టి, ఆ పాలు కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిరప తొడిమలు వేసి తోడు పెట్టమన్నాను. మొదటి మూడుసార్లు విరిగిపోయింది. నాలుగోసారి అత్తగారే చేయి పెట్టింది. తోడు వేసే వేడి ఎంత ఉండాలో ఆవిడ వేలికి తెలుసు. కుదిరింది. "ఇది పెరుగేటి, పచ్చడి" అని పేరు పెట్టింది గానీ, వారానికి మూడుసార్లు తనే తోడు పెడుతోంది.

మందుల గొడవ, పొందూరు చీర

నవంబర్ పరీక్షలో బి12 పెరిగింది, విటమిన్ డి మాత్రం కదల్లేదు. నాలుగైదుసార్లు అడిగితే చెప్పింది. డి క్యాప్సూల్ జిలాటిన్‌తో చేస్తారని చదివి వేసుకోవడం ఆపేసింది. జిలాటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీస్తారు, నిజమే. లోపలి డి3 కూడా ఎక్కువగా గొర్రె ఉన్ని కొవ్వు నుంచి వస్తుంది. ఇది నేను మొదటి రోజే అడగాల్సింది. వీగన్ క్లయింట్‌కి ఏ సప్లిమెంట్ సూచించినా దాని పైపొర ఏమిటి, లోపల లాక్టోజ్ ఉందా, అన్నది చూసి చెప్పాలి. లేకపోతే వాళ్లు వేసుకోరు, మనకి చెప్పరు కూడా. డాక్టరుతో మాట్లాడి, జంతువుల నుంచి తీయని డి2 మాత్రకి మార్పించాం. ఆదివారం మధ్యాహ్నానికి ముందు అరగంట మేడ మీద బట్టలు ఆరేసే పని ఆమెకే అప్పగించాం. ప్యాకెట్ తిండికి మాత్రం ఇప్పుడు కొంత తేలిక. 2022లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వీగన్ ఆహారానికి నియమాలు, ప్రత్యేక గుర్తు తెచ్చింది. ఆకుపచ్చ చుక్క ఉంటే పాలు లేవని కాదు, అది శాకాహారానికి గుర్తు.

అదే నెలలో ఆడపడుచు వైపు పెళ్లి. అత్తగారు పట్టుచీర తీసింది. ఈమె వద్దంది, పొందూరు ఖద్దరు చీర కట్టుకుంటానంది. మన జిల్లా చీరే కదా అని అత్తగారు సర్దుకుంది. రెండు రోజుల తర్వాత నాకు ఫోన్ వచ్చింది, గొంతులో ఏడుపు. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారని ఎవరో చెప్పారట. అది నిజమే, ఆ సన్నటి నూలు వెనక ఉన్న పాత పద్ధతి అదే. "నేనేం కట్టుకున్నా ఏదో ఒకటి చచ్చే ఉంటుంది మేడమ్" అంది.

ఈ టెన్షన్ నాకు రిపోర్టులకంటే ఎక్కువ భయం పుట్టించింది. ఆమె నిద్ర, ఆకలి రెండూ తగ్గాయి. వీగనిజం నిర్వచనంలోనే 'సాధ్యమైనంత వరకు, ఆచరణలో కుదిరినంత వరకు' అన్న మాటలు ఉన్నాయని గుర్తు చేశాను. ఆ మాటలు నేను సౌకర్యం కోసం కల్పించినవి కావు, ఆ ఉద్యమం తన గురించి తాను రాసుకున్నవి. ప్రాణం నిలబెట్టే మందు, ఇంట్లో ముందే ఉన్న చీర, వీటి దగ్గర మనిషి తనను తాను శిక్షించుకోనవసరం లేదు. రెండు సార్లు కౌన్సెలర్ దగ్గరికి కూడా పంపాను. పెళ్లికి మామూలు మిల్లు నూలు చీర కట్టుకుని వెళ్లింది.

పెళ్లిలో బంధువుల మాటలు మామూలే. "ఆకులు తిని బతుకుతావా?", "మొక్కకి ప్రాణం లేదా?" వీటికి తర్కంతో జవాబు చెప్పబోతే బంతి భోజనం మొత్తం సభ అవుతుంది. మేం ముందే అనుకున్నాం: "నాకు పడటం లేదు పిన్నీ" అని ఒక్క మాట, ఆ వెంటనే "పులిహోర ఇంకొంచెం వెయ్యండి". నిజంగా తెలుసుకోవాలని అడిగినవాళ్లకి మాత్రం తీరిగ్గా చెప్పాలి. అలా అడిగింది ఒక్క మేనకోడలే. ఆ పిల్లతో గంటసేపు కూర్చుని మాట్లాడిందట.

కనుమ

2024 సంక్రాంతి గురించి నాకు భయం ఉండేది. కనుమ నాడు వాళ్ల ఇంట్లో మాంసం వండుతారు. ఆ రోజు కోడలు వేరే గదిలో కూర్చుంటే ఆరు నెలల పని పోతుంది. ఆమె తనంతట తనే ఒక దారి వెతుక్కుంది. పొద్దున్నే అత్తగారితో కలిసి గేదెలని కడిగింది, కొమ్ములకి రంగు వేసింది, మెడలో దండ కట్టింది. "కనుమ నాడు మినుము" అని మన సామెతే ఉంది కదా. ఇంటిల్లిపాదికీ గారెలు ఆమె వండింది, మాంసం అత్తగారు వండింది. ఒకే బంతిలో కూర్చున్నారు. భర్త గిన్నె ఆమె విస్తరి వైపు జరిపితే అత్తగారే "దానికొద్దురా" అందట.

ఇప్పుడు

2024 ఆగస్టు నాటికి హిమోగ్లోబిన్ 12.2, ఫెరిటిన్ 26, బి12 430. బరువు 51. అత్తగారి తిమ్మిర్లు తగ్గాయి, పూర్తిగా పోలేదు.

పిల్లల విషయం తేలలేదు. గర్భం ప్లాన్ చేసుకుంటున్నారు కాబట్టి ఫోలిక్ యాసిడ్ మొదలైంది, నాచు నుంచి తీసే డి.హెచ్.ఎ. (ఒక రకం ఒమేగా-3 కొవ్వు) తెప్పించుకుంటోంది. సరిగ్గా ప్లాన్ చేసుకుని, బి12, అయోడిన్, ఐరన్ గమనించుకుంటూ ఉంటే గర్భిణిగా కూడా వీగన్‌గా ఉండొచ్చని నేను చెప్పాను. ఆ నెలల్లో రిపోర్టు ఏదైనా తేడా వస్తే డాక్టరు మాటే ఆఖరి మాట అని ఆమె దగ్గర మాట తీసుకున్నాను. పుట్టిన బిడ్డకి గేదె పాలు పట్టాలా వద్దా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. దాని మీద అత్తాకోడళ్లకి ఏకాభిప్రాయం లేదు, భర్త ఆ మాట వస్తే లేచి బయటికి పోతున్నాడు. నా దగ్గర కూడా ఇద్దరికీ నచ్చే జవాబు లేదు. తల్లిపాలు ఉన్నన్నాళ్లు ఆ ప్రశ్న రాదని మాత్రం చెప్పాను.

జూన్‌లో రెండో గేదె ఈనింది. మళ్లీ దున్నదూడే. ఈసారి అత్తగారు ఒక చన్ను దూడకి వదిలేస్తోంది. కేంద్రంలో పాలు తగ్గాయని అడిగితే "గేదె చేపడం నేదు" అని చెప్తోందట. కోడలు బస్సుకి ముందు దూడని విప్పి తల్లి దగ్గరికి వదులుతోంది. ఆ పాలు ఆమె ఇప్పటికీ తాగదు. ఆవిడ ఇప్పటికీ అమ్ముతుంది.

మొన్న రివ్యూకి ఇద్దరూ కలిసే వచ్చారు. వెళ్తూ అత్తగారు మందుల చీటీ నాకు చూపించి, "ఈ మాత్ర దీనికి ఎన్నాళ్లు?" అని అడిగింది. వీగన్‌గా ఉన్నన్నాళ్లు అన్నాను. "మరి నాకు?" అంది. ఆ మాట డాక్టరు గారు చెప్తారు, షుగర్ మాత్ర నడుస్తున్నన్నాళ్లు బి12 చూసుకుంటూ ఉండాలి అన్నాను. తర్వాతి పరీక్ష ఫిబ్రవరిలో, ఇద్దరికీ.